తెలుపు తెలియని అద్దాలు

ఓడ దిగి ఇంటికి వచ్చిన మూడో రోజుకల్లా బెనీసియోకు చేతులు దురద పెడతాయని అతని భార్య కితేరియాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. ఎనిమిది నెలలు విహార నౌకలో పరాయివాళ్ళ పక్కలు సర్ది, వాళ్ళు విడిచిన తువ్వాళ్ళు ఏరి వచ్చే మనిషి, ఇంటి గుమ్మం ఎక్కగానే ఆ ఓడకు కప్తానైనట్టు నడుం మీద చేతులు వేసుకుని నిలబడతాడు. పోయిన సెలవులో నిక్షేపంలాంటి ఎర్రగచ్చు తవ్వించి, కాలు పెడితే జారే తెల్ల పలకలు పరిపించాడు. వాటి మీద మొదట జారిపడింది అతనే. అంతకు ముందు సెలవులో మెట్ల పక్కన సిమెంటు సింహాలు రెండు కూర్చోబెట్టాడు. వాటిని సింహాలని చెబితే తప్ప ఎవరూ పోల్చుకోలేరు. ఈసారి అతని చూపు కిటికీల మీద పడింది.

ఆ ఇంటికి తొమ్మిది కిటికీలు. అన్నీ బెనీసియో తాత నాటివే. టేకు చట్రాల్లో సన్నని బద్దలు, బద్దల మధ్య అరచేతిలో సగం ఉండే ఆల్చిప్పల పలకలు. అద్దంలా అవతలి మనిషిని చూపించవు, గోడలా వెలుతురును ఆపవు. ఎండ ఎంత మండిపోతున్నా వాటిలోంచి గదిలోకి వచ్చేసరికి పాలలో నీళ్ళు కలిసినట్టు మెత్తబడిపోతుంది. వీధి వైపు గదిలోని కిటికీ కింద కితేరియా కుట్టు మిషన్ ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా చుట్టుపక్కల మూడు ఊళ్ళలో చర్చి మెట్లెక్కిన పెళ్ళికూతుళ్ళలో సగం మంది గౌన్లు ఆ కిటికీ కిందే తయారయ్యాయి.

తెల్ల గౌను కుట్టడం ఏం పెద్ద విద్య అనుకునేవాళ్ళకు తెలుపంటే ఒక్కటే. కితేరియాకు పధ్నాలుగు తెలుపులు తెలుసు. పాల తెలుపు, సున్నం తెలుపు, కోడిగుడ్డు పెంకు తెలుపు, ఉతికి ఉతికి వెలిసిన తెలుపు, కొవ్వొత్తి తెలుపు, ఇంకా దుకాణంవాడు చెప్పే అబద్ధపు తెలుపులు. శాటిన్ ఒక తానులోది, లేసు ఇంకో తానులోది, దారం మూడో చోటిది. మూడూ ఒక్కటేనని ఏ ఆడమనిషి కన్నూ శంకించకుండా కలపడమే ఆమె పని. బయటి ఎండలో కళ్ళు చెదిరి తేడా తెలియదు. బల్బు కింద అన్నీ పచ్చగా కనిపిస్తాయి. ఆ ఆల్చిప్పల వెలుతురులో మాత్రం ఏ బట్టా అబద్ధం చెప్పలేదు. ఆ కిటికీ పోతే తన చేతి పని పోయినట్టేనని ఆమెకు స్పష్టంగా తెలుసు.

అందుకే ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం మొదలైన వారంలో, పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి పనివాళ్ళు తేలిగ్గా దొరుకుతారంటూ బెనీసియో మాపుసా పట్నం నుంచి అల్యూమినియం కిటికీలవాణ్ణి పిలిపించినప్పుడు, కితేరియా గొడవ పెట్టుకోలేదు. పక్కకు జారే రెక్కలట, ఓడలో ఉన్నట్టు నీలం అద్దాలట, బయటివాడికి తన మొహమే తనకు కనిపిస్తుందట. నీకు ఏది కావాలంటే అది పెట్టుకో, నా గది కిటికీ ఒక్కటి వదిలెయ్యి అని మాత్రం అంది. ఎనిమిది మార్చి ఒకటి వదిలేస్తే ఇల్లు పన్ను ఊడిన ముసలిదానిలా ఉంటుందని అతను నవ్వాడు.

వడ్రంగి పుండలీక్ చారి వచ్చి తొమ్మిది కిటికీలూ ఒక్కొక్కటే తెరిచి మూసి చూశాడు. ఆ చట్రాలు ఇంకో వందేళ్ళు ఉంటాయని, బందులు మాత్రం మార్చి జీడినూనె పట్టిస్తే చాలని, ఈ చిప్పలు సముద్రంలోంచి తీయడం ఇప్పుడు నిషేధం కాబట్టి ఒకసారి పోతే మళ్ళీ చేయించడానికి ఉండదని చెప్పాడు. బెనీసియో అతని భుజం తట్టి, మేస్త్రీ, నువ్వు ఇంకా మా తాత కాలంలోనే ఉన్నావన్నాడు. తాను ఏ కాలంలో ఉన్నాడో అతను చెప్పలేదు. ఓడలో ఒక నేలమాళిగలాంటి గదిలో, అసలు కిటికీయే లేని చోట, నలుగురితో కలిసి పడుకుంటాడని కితేరియాకు తెలుసు. మంది ముందు మొగుడి పరువు తీయడం ఎందుకని ఊరుకుంది. ఆ మర్యాదకు ఆమె తర్వాత చాలాసార్లు పళ్ళు నూరుకుంది.

అతనికి తోడు అతని అక్క జులియేత. రెండిళ్ళవతల ఉంటుంది. తమ్ముడు ఏది చేసినా ఊళ్ళో మొదటిది అదేనని చెప్పుకునే మనిషి. ఆమె కూతురు వెలనీ పెళ్ళి ఈస్టరు తర్వాత మూడో ఆదివారం. వెలనీకి బాప్తిస్మం నాటి ధర్మపిత బెనీసియోయే. గౌను కుట్టేది కితేరియాయే. తన గది కిటికీ కోసం తమ్ముడికి ఒక మాట చెప్పమని కితేరియా అడిగితే, జులియేత ఆ నీలం అద్దం ముక్కను వెలుతురుకు ఎత్తి చూస్తూ, పెళ్ళయ్యాక తమ ఇంటికి కూడా ఇవే పెట్టిస్తున్నామంది.

కిటికీలు మార్చడానికి బెనీసియో శుక్రవారం చూసి పెట్టాడు. శుక్రవారం మాపుసా సంత. కితేరియా దారాలూ గుండీలూ ఎండు చేపలూ కొనుక్కుని మధ్యాహ్నం బస్సు దిగేసరికి ఇంటి ముందు సిమెంటు దుమ్ము, వీధి వైపు గోడలో నీలంగా మెరుస్తున్న నాలుగు పలకలు. అందులో ఒకటి తన గదిది. భార్యను ఎదురుగా పెట్టుకుని ఆ పని చేసే ధైర్యం అతనికి లేదు. ఆమె బస్సెక్కేదాకా ఆగి చేసే తెలివి మాత్రం ఉంది. పాతవన్నీ ఏమయ్యాయని అడిగితే, ఎవరో లారీ వేసుకుని వచ్చి ఊరికే పట్టుకుపోయారని, చెత్త తీసే ఖర్చు మిగిలిందని గర్వంగా చెప్పాడు.

ఆమె ఏడవలేదు. సంచీ దించి తన గదిలోకి వెళ్ళి నిలబడింది. గది నీళ్ళలో మునిగినట్టుంది. గోడ మీది మరియమ్మ పటం మొహం జబ్బు మనిషిలా పాలిపోయి కనిపించింది. తన చేతులు తనకే శవం చేతుల్లా కనిపించాయి. వెనక నుంచి బెనీసియో వచ్చి రెక్కను చిటికెన వేలితో ఇటూ అటూ జరిపి చూపించాడు. ఆ కిటికీ జరపడంలో ఉన్న ఆనందం కోసమే అతను దాన్ని పెట్టించినట్టున్నాడు.

అప్పటికి వెలనీ గౌను సగం అయింది. బాడీ, చేతులు పాత కిటికీ కిందే అయిపోయాయి. ఇక మిగిలింది నడుం నుంచి కిందికి పరుచుకునే ఘేరా, వెనక మూడు గజాలు జీరాడే తోక. దానికి శాటిన్ చాలలేదు. ఓడవాళ్ళ వైద్య పరీక్షకు ముంబై వెళ్ళిన బెనీసియో, అచ్చం ఇదే బట్ట అంటూ ఎనిమిది గజాలు తెచ్చి పడేశాడు. కితేరియా ఆ రెండు బట్టలనూ పక్కపక్కన పెట్టి కొత్త అద్దం కింద చూసింది. ఒకటిగానే కనిపించాయి. పద్దెనిమిదేళ్ళ చెయ్యి తప్పు పోతుందా అనుకుంది. వాకిట్లోకి తీసుకెళ్ళి చూద్దామన్న ఆలోచన రాకపోలేదు, కానీ మనసులో ఎక్కడో ఆ అద్దానికి లొంగకూడదన్న పంతం. ఇందులోనూ పని చేసి చూపిస్తానన్న పొగరు. కత్తెర వేసేసింది. ఆ ఒక్క విషయంలో మొగుడిని తిట్టే హక్కు తనకు లేదని ఆమె తర్వాత ఒప్పుకుంది, బయటికి మాత్రం కాదు.

పెళ్ళికి పదకొండు రోజులుందనగా గౌను పూర్తయింది. అంటుకున్న దారప్పోగులు దులుపుదామని వాకిటి అరుగు మీదికి తీసుకొచ్చి, చెట్టు నీడలో ఎత్తి పట్టుకుంది.

పైసగం పాలు, కింది సగం పాత కొవ్వొత్తి. నడుం దగ్గర గీత గీసినట్టు రెండు బట్టలు విడిపోయి కనిపించాయి. ఒకరి గౌను పైన ఇంకొకరి జాకెట్టు తొడిగినట్టుంది. కితేరియా గౌనును ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుంది. ఆ గౌనుతో వెలనీ చర్చిలో నడిస్తే, మూడు ఊళ్ళ ఆడవాళ్ళూ ఆ గీతను చూసి, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు, ఇక ఏ తల్లీ తన గుమ్మం తొక్కదు. అంతవరకూ ఆమె పోయిందనుకున్నది కిటికీ ఒక్కటే.

కాసేపటికి లేచి జులియేతను పిలిపించింది. బెనీసియో మధ్యాహ్నం నిద్రలోంచి లేచి వచ్చాడు. కితేరియా గౌనును లోపలికి తీసుకెళ్ళి నీలం అద్దం కింద పరిచి, పై బట్ట కింది బట్ట ఒకటేనా కాదా చూసి చెప్పమంది. అతను వేలితో నొక్కి చూసి, బట్టల వ్యాపారిలా తల పంకించి, తాను తెచ్చింది కదా, అక్షరాలా ఒకటేనన్నాడు. కావాలంటే ఒట్టు వేస్తానన్నాడు. వెయ్యమంది. వేశాడు. అప్పుడు కితేరియా గౌనును అరుగు మీదికి తెచ్చి, ఇద్దరి ముందూ ఎత్తి పట్టుకుంది.

జులియేత నడుం దగ్గరి గీత వెంట వేలు పెట్టి రాసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే బెనీసియో, నా కూతుర్ని ఇలా రెండు ముక్కలుగా పంపిస్తావట్రా చర్చికి?"

"చర్చిలో ఎలాగూ మసకగా ఉంటుంది కదక్కా," అన్నాడతను. "ఎవరు చూస్తారు?"

కితేరియాకు నవ్వు వచ్చింది. చర్చి కిటికీలు ఆల్చిప్పలవే. పుట్టిన దగ్గరనుంచి ప్రతి ఆదివారం ఆ కిటికీల పక్కన కూర్చుని, ఆ వెలుతురులోనే తనను పెళ్ళి చేసుకుని, ఆ వెలుతురునే ఈ మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. అతని మీద జాలి పడటానికి కూడా ఆమెకు మనసొప్పలేదు. తల పక్కకు తిప్పుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

కోపం తలకెక్కిన జులియేత పాత కిటికీ ఎక్కడున్నా తెచ్చి పెట్టమని తమ్ముడి మెడ మీద కూర్చుంది. లారీ ఎవరిదని గుచ్చి గుచ్చి అడిగితే, సముద్రం దారిలో కొత్తగా పెట్టిన ఒక పెద్ద హోటలువాళ్ళదని బయటపడింది. మర్నాడు పొద్దున్నే పుండలీక్ మేస్త్రిని తోడు తీసుకుని ఆడవాళ్ళిద్దరూ వెళ్ళారు. బెనీసియోకు ఆ రోజు నడుం నొప్పి.

ఆ హోటల్లో తొమ్మిది కిటికీలూ గోడకు బిగించి ఉన్నాయి. వెనక గోడే, వెలుతురు వచ్చే దారి లేదు. అందుకని లోపల ఎర్ర బల్బులు పెట్టారు. ఆల్చిప్పల మీద మెరుగు నూనె రెండు పూతలు పూసేసరికి అవన్నీ పచ్చబడి బెల్లం అచ్చుల్లా ఉన్నాయి. కితేరియా తన కిటికీని వెంటనే గుర్తు పట్టింది. కింది బద్ద మీద కొలత టేపు తగిలించుకునేందుకు తాను కొట్టుకున్న చిన్న మేకు ఇంకా ఉంది. పైన మాత్రం రెండు వరసలు లేవు. గోడ ఎత్తు సరిపోలేదని రంపంతో కోసేశారట. మేస్త్రి ఆ కోసిన చోట వేలు పెట్టి తడిమి, ఇక పనికిరాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

హోటలు నడిపే ఢిల్లీ అమ్మాయి వచ్చి, వీళ్ళు అలా నిలబడి చూడటం మెచ్చుకోలు అనుకుంది. చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. "ఇవి నూట ఏభై ఏళ్ళవి, ఆంటీ. ఒక పాడుబడిన ఇంట్లో దొరికాయి. లోపల ఎవరూ ఉండటం లేదట."

"ఆ ఇంట్లో పొద్దున నేను గంజి కాచుకుని తాగి వచ్చానమ్మా," అంది కితేరియా.

ఆ అమ్మాయి క్షమించమంది, కాఫీ తాగమంది, తీసుకెళ్తామంటే ఇప్పుడే విప్పించి ఇస్తానంది. పాపం, ఆ అమ్మాయి తప్పు ఏముంది? ఇచ్చేవాడు ఇచ్చాడు, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకున్నారు. కానీ నూనె తాగిన చిప్పలు కడిగితే పోవు, కోసిన టేకు మళ్ళీ మొలవదు. కితేరియా వద్దని బయటికి వచ్చేసింది. దారి పొడుగునా జులియేత తమ్ముణ్ణి తిడుతూనే ఉంది. మధ్యలో ఆగి, తమ ఇంటికి ఆ నీలం దరిద్రం అక్కర్లేదని, ఆ మాపుసావాడికి ఫోను చేసి చెప్పేస్తానంది. కితేరియా బుర్రలో గౌను ఒక్కటే తిరుగుతోంది. ఇంకా పది రోజులు.

చర్చి మలుపు దగ్గర ఆమె బస్సు దిగి తిన్నగా ఫాదర్ ఒలావో దగ్గరికి వెళ్ళింది. గౌను ఏ వెలుతురులో చూస్తారో ఆ వెలుతురులోనే కుట్టాలి, చోటు కావాలని అడిగింది. చర్చి పక్కన పూజ వస్త్రాలు భద్రపరిచే గది ఒకటి ఉంది. దానికి ఎవరూ ముట్టుకోని ఆల్చిప్పల కిటికీలు రెండు. ఫాదర్ ఆ గదివైపు చూసి, చిరుగులు పడ్డ పూజ వస్త్రాల బీరువా వైపు చూశాడు. అవన్నీ బాగు చేసి పెడితే గది ఎన్నాళ్ళైనా వాడుకోమన్నాడు. బేరం అక్కడికక్కడే కుదిరింది. సాయంత్రానికి మేస్త్రి చక్రాల బండి మీద కుట్టు మిషన్ తెచ్చి దించాడు. మాపుసా దుకాణాల్లోంచి ఆరు తెల్ల శాటిన్ ముక్కలు తెప్పించి ఆమె ఆ కిటికీ పక్కన బాడీ మీద ఒక్కొక్కటే వేసి చూసింది. నాలుగోది అందులో కలిసిపోయి, ఎక్కడ పెట్టిందో తనకే తెలియకుండా పోయింది. అప్పుడామె గుండె దిటవుపడింది.

పెళ్ళినాడు వెలనీ ఆ గౌనులో చర్చి మధ్య నడిచి వస్తుంటే, వెనక జీరాడే తోకతో సహా పైనుంచి కిందిదాకా ఒక్కటే తెలుపు. ఎక్కడా గీత లేదు. ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. వంక వెతికే కళ్ళు కొన్ని నడుం దగ్గర ఆగి, ఏమీ దొరక్క ముందుకు జరిగాయి. కితేరియా వెనక బల్ల మీద కూర్చుని ఆ కళ్ళనే లెక్కపెట్టుకుంది. ఆమెకు పాటలు వినపడలేదు, ప్రసంగం వినపడలేదు. తన పని తనకు మిగిలిందన్న సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విందులో కేకు కోశాక, ధర్మపితగా గ్లాసెత్తి నాలుగు మాటలు చెప్పవలసింది బెనీసియో. నల్ల కోటు వేసుకుని, మైకును రెండుసార్లు తట్టి, పిల్లల గురించి రెండు మాటలు చెప్పి, తాను చూసిన రేవుల గురించి పది మాటలు చెప్పాడు. జనం గ్లాసులు పట్టుకుని చేతులు నొప్పెట్టేలా నిలబడ్డారు. చివరికి పెళ్ళికూతురి గౌను మీదికి వచ్చాడు. ఇంత అందమైన గౌను ఎక్కడ తయారైందనుకుంటున్నారు, మా ఇంట్లో, నేను ఈ సెలవులో పెట్టించిన కొత్త కిటికీల వెలుతురులో అన్నాడు. తన బల్ల దగ్గర జులియేత తల దించుకుని పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది.

కితేరియాకు అప్పటిదాకా అతని మీద కోపం ఉండేది. కోపం ఉన్నంతసేపూ మనిషి మనవాడే. ఆ మాటతో అది ఉన్నపళాన పోయింది. మిగిలింది ఏవగింపు ఒక్కటే. మైకు పట్టుకుని వెలిగిపోతున్న ఆ మొహం, ఎవరో పరాయి ఊరి పెళ్ళిలో వాగుతున్న ఎవడో అపరిచితుడి మొహంలా కనిపించింది.

గ్లాసులు దించాక, పెళ్ళికొడుకు మేనత్త కితేరియాను వెతుక్కుంటూ వచ్చింది. తమ అమ్మాయి పెళ్ళి డిసెంబరులో, గౌను ఈమే కుట్టాలి, కొలతలకు ఇంటికి ఎప్పుడు రమ్మంటారని అడిగింది. బెనీసియో పక్కనే చేరి, ఎప్పుడైనా రండి, ఇల్లు చూద్దురుగాని అన్నాడు.

"ఇంటికి వద్దు," అంది కితేరియా. "ఆ ఇంట్లో తెలుపు కనపడదు. చర్చి పక్క గదికి రండి. వెలనీ గౌను కుట్టింది కూడా అక్కడే."

ఆ మాట చుట్టూ ఉన్న పదిమందికీ వినిపించింది. బెనీసియో అది హాస్యమైనట్టు నవ్వాడు. తోడు నవ్వేవాళ్ళు దొరకలేదు. జులియేత అవునని గట్టిగానే చెప్పేసరికి, అతను చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ తిరిగాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండో రోజు విందు ముగించుకుని అతను ఇంటికి వచ్చేసరికి, వీధి గదిలో మిషన్ ఉండే చోట అతని మంచం ఉంది. గోడ వారగా అతని ఓడ పెట్టె, కొక్కేనికి అతని చొక్కాలు. గదంతా నీలంగా, చల్లగా, ఎవరూ ఉండనట్టుగా ఉంది. కితేరియా గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుకుంటోంది.

ఇదేమిటని అతను అడిగాడు. ఆమె గొడుగు దులపడం ఆపకపోయేసరికి కాస్త తగ్గాడు. సరేలే, రేపే మనిషిని పిలిచి ఇక్కడ తెల్ల అద్దం వేయిస్తానన్నాడు. నీ గది నువ్వే ఉంచుకో, ఊరి నోట్లో నన్ను పడెయ్యకు అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో అతను ఆమె మాటకు వెనక్కి తగ్గడం అదే మొదటిసారి. ఆమె ఆ నీలం వెలుతురులో అతని మొహం వైపు నింపాదిగా, తిరిగి కొనదలచుకోని బట్టను చూసినట్టు చూసింది.

"తెల్ల అద్దమని నీకు ఎవరు చూపిస్తే దాన్నే తెస్తావు, బెనీసియో. వద్దు. ఈ గదిలో ఇక చేయదగ్గ పని ఒక్కటే మిగిలింది, నిద్రపోవడం. అది నీకు బాగా వచ్చు."

నాలుగింటికి కొలతలకు ఆ డిసెంబరు పెళ్ళికూతురు వస్తానందని చెప్పి, ఆమె గొడుగు విప్పుకుని చర్చి వైపు నడిచింది.